మన ఒళ్లు – మన లెక్క (6): ట్యూబు కోయడానికి క్యాంపు పెడతారు, కాపాడటానికి పెట్టరు

సోమవారం డిగ్రీ సెకండియర్ క్లాసులో రుగాగమ సంధి చెప్తున్నాను. పేద, బీద లాంటి కొన్ని మాటలకు ‘ఆలు’ చేరితే మధ్యలో రకారం వస్తుంది. పేద, ఆలు కలిస్తే పేదరాలు. బాలెంత, ఆలు కలిస్తే బాలెంతరాలు. బోర్డు మీద వరసగా రాసుకుంటూ పోతున్నాను. ఒక మాట దగ్గర చాక్‌పీసు ఆగిపోయింది. గొడ్డు, ఆలు: గొడ్డురాలు.

ఎనిమిదేళ్లుగా చెప్తున్న పాఠమే. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఏటా ఎవరో ఒకరు నవ్వుతారు. పేదరాలినీ గొడ్డురాలినీ చిన్నయసూరి ఒకే సూత్రం కింద ఎందుకు కూర్చాడో వ్యాకరణం చెప్తుంది. మన ఊళ్లలో ఆ రెండు మాటలూ ఒకే ఆడమనిషి మీద ఎందుకు పడతాయో వ్యాకరణం చెప్పదు. అది మనం చెప్పుకోవాలి.

‘గొడ్డు’ అన్న మాట మా వాడకు రెండు రకాలుగా తగులుతుంది. గొడ్డు తింటారని వాడ మొత్తాన్నీ అంటారు. పిల్లలు పుట్టకపోతే ఆడమనిషిని ఒక్కదాన్నే పట్టుకుని అంటారు. మొదటి తిట్టు మీద మనం సభలు పెట్టాం, బీఫ్ ఫెస్టివళ్లు చేశాం, కవిత్వం రాశాం, కేసులు భరించాం. రెండో తిట్టు మీద ఒక్క కరపత్రం వేశామా?

ముందు నా సంగతి చెప్పేస్తాను. అది దాచుకుని ఈ వ్యాసం రాయలేను.

పెళ్లయిన నాలుగేళ్లకు అమీర్‌పేటలో ఒక ఫెర్టిలిటీ సెంటర్ మెట్లెక్కాం. మెట్రో దిగి, సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్లను దాటుకుని వెళ్తే ఒక బిల్డింగ్. కింద ఫ్లోరులో జావా, మధ్యలో బ్యాంక్ కోచింగ్, పైన ఐవీఎఫ్. లోపల గోడ నిండా నవ్వుతున్న పసిపిల్లల ఫొటోలు. అందరూ తెల్లగా ఉన్నారు. మా ఇంట్లో పుట్టే పిల్లలా ఉన్న పిల్ల ఒక్కటీ లేదు. ప్యాకేజీ రెండు లక్షల పైచిలుకు. సగం నా పీఎఫ్ లోను, సగం మా ఆయన స్నేహితుల దగ్గర చేబదులు. సంతకాల కోసం ఇచ్చిన కాగితాలు పదకొండు పేజీలు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. నేను చదివి పెట్టాను. నా పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి, వాళ్లాయన అడ్డా కూలీ, “అక్కా, ఇందుల ఏముంది?” అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే నర్సు వచ్చి ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించి తీసుకుపోయింది.

పిండాన్ని గర్భసంచిలో పెట్టారు. రెండు వారాలకు రక్తపరీక్ష పాజిటివ్. వాట్సాప్‌లో బెలూన్ల బొమ్మతో అభినందనలు వచ్చాయి. ఆరో వారం దాటాక కుడిపక్క పొత్తికడుపులో పోటు మొదలైంది. కొద్దిగా మరక. ఫోన్ చేస్తే, “మామూలే మేడమ్, ఇంజెక్షన్లు కంటిన్యూ చేయండి, మీ స్కాన్ గురువారం కదా, అప్పుడు రండి” అంది రిసెప్షన్. డాక్టర్ లైన్లోకి రాలేదు. మా అమ్మ, “గ్యాసు పట్టిందేమో బిడ్డా, వాము నమలు” అంది. మంగళవారం రాత్రి భుజం నొప్పి కూడా వచ్చింది. కడుపుకీ భుజానికీ ఏం సంబంధమో నాకు తెలియదు. బాత్రూంలో కళ్లు తిరిగి పడ్డాను. మా ఆయన, పక్కింటి అక్క కలిసి ఆటోలో ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ ఒక పీజీ డాక్టరమ్మ, నా స్టూడెంట్లకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో, నా కనురెప్ప కిందికి లాగి చూసింది, నాడి పట్టుకుంది, “పీరియడ్ ఎప్పుడు తప్పింది?” అని ఒక్క ప్రశ్న అడిగింది, ఓటీకి ఫోన్ చేసింది. కడుపులో లీటరున్నర రక్తం. కుడి ట్యూబు పగిలిపోయింది. తీసేశారు.

రెండు లక్షలు కట్టించుకున్న చోట గురువారం రమ్మన్నారు. చీటీ రాయించుకుని వెళ్లిన చోట పది నిమిషాల్లో ప్రాణం పట్టుకున్నారు. బతికాను కాబట్టి రాస్తున్నాను. సానుభూతి కామెంట్లు వద్దు. కింద రాసింది చదివి ఇంట్లో చెప్పండి, అది చాలు.

అసలు జరిగేది ఇది. అండం, వీర్యకణం కలిసేది ట్యూబులోనే. అలా తయారైన పిండం నాలుగైదు రోజులు ప్రయాణం చేసి గర్భసంచికి చేరాలి. దారి ఎక్కడైనా పాడైతే మధ్యలోనే అతుక్కుంటుంది. దాన్నే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అంటారు, మనవాళ్లు ట్యూబు గర్భం అంటారు. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. అందులో తొంభై శాతం పైన ట్యూబుల్లోనే. ట్యూబు సన్నది, గర్భసంచిలా సాగదు. పిండం పెరిగితే పగులుతుంది. ఆ పిండం బతికే దారి లేదు, దాన్ని జరిపి గర్భసంచిలో పెట్టే వైద్యమూ లేదు. బతికించుకోవాల్సింది తల్లిని.

ఐవీఎఫ్‌లో పిండాన్ని నేరుగా గర్భసంచిలో పెడతారు కదా, ట్యూబులోకి ఎలా పోతుంది అని నన్ను చాలామంది అడిగారు. పోతుంది. పెట్టిన పిండం ఒకట్రెండు రోజులు కదులుతూ ఉంటుంది, వెనక్కి ట్యూబులోకి జారగలదు. ఇది ఫెర్టిలిటీ డాక్టర్లకు కొత్త సంగతి కాదు. ఐవీఎఫ్‌తో వచ్చిన తొలి గర్భాల్లోనే ఒకటి ట్యూబు గర్భం. ఎడ్వర్డ్స్, స్టెప్టో 1976లో ఆ సంగతి వాళ్లే రాశారు. లూయీ బ్రౌన్ పుట్టింది ఆ తర్వాత, 1978 జులై 25న. అంటే ఈ వైద్యానికి తన పుట్టుకతోనే తెలిసిన ప్రమాదం ఇది. ప్యాకేజీ ధర మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇది పదకొండు పేజీల ఇంగ్లిష్‌లో ఎక్కడో ఉంటుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. లూయీ తల్లి లెస్లీ బ్రౌన్‌కు రెండు ట్యూబులూ మూసుకుపోయాయి. ఆమె భర్త రైల్వేలో పనిచేసే మనిషి. ఆ బిడ్డ పుట్టింది ఓల్డమ్ అనే మిల్లుల ఊళ్లో ప్రజా ఆస్పత్రిలో. ఐవీఎఫ్ ట్యూబులు పాడైన ఒక కార్మికుడి భార్య కోసం పుట్టిన వైద్యం. అది అమీర్‌పేట, పంజాగుట్ట దాకా వచ్చేసరికి ఈఎంఐ మీద అమ్మే సరుకైంది.

“సంతానలేమి డబ్బున్నోళ్ల జబ్బు. లేటుగా పెళ్లిళ్లు, ఏసీ ఉద్యోగాలు, టెన్షన్లు” అని మన సంఘాల్లోనే అనేవాళ్లున్నారు. ట్యూబులు ఎందుకు పాడవుతాయో చూడండి. మన దేశంలో ఒక పెద్ద కారణం టీబీ. ఊపిరితిత్తులకు వచ్చిన టీబీ చప్పుడు లేకుండా ట్యూబులకు పాకి మచ్చలు కడుతుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, పిల్లలు పుట్టనప్పుడే బయటపడుతుంది. గాలి ఆడని ఒక్క గదిలో ఆరుగురు పడుకునేది ఎవరు? తిండి చాలక టీబీకి లొంగేది ఎవరు? రెండో కారణం ముదరబెట్టిన ఇన్ఫెక్షన్లు. తెల్లబట్ట అవుతుంటే చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పినా పీహెచ్‌సీలో పరీక్ష లేదు. కాన్పు తర్వాత వచ్చిన జ్వరానికి ఆర్ఎంపీ ఇచ్చిన సూది, దొంగచాటు అబార్షన్, కడుపులో పగిలిన అపెండిక్స్. ఇవన్నీ ట్యూబు మీద గీతలు పెడతాయి. ఎక్టోపిక్ ఎవరికైనా రావచ్చు, ఏ కారణమూ కనపడనివాళ్లు సగం మంది దాకా ఉంటారు. కానీ ముందే చెడిపోయిన ట్యూబుకు దాని ముప్పు ఎక్కువ. ఆ చెడిపోవడం వెనక ఇల్లు, తిండి, నీళ్లు, సిగ్గు, దూరం అన్నీ ఉన్నాయి. వాటిని కలిపి మన దేశంలో కులం అంటాం.

ఇప్పుడు సర్కారు లెక్క చూద్దాం.

మన ట్యూబుల సంగతి సర్కారుకు తెలియదని అనుకోకండి. బాగా తెలుసు, కోసేటప్పుడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ అయినవాళ్లు. దేశంలో అదే మొదటి స్థానం. తెలంగాణలో దాదాపు 62 శాతం. దేశ సగటు 38 లోపే. పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోయినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, మీ అమ్మను అడగండి. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే సులువు, ప్రమాదమూ తక్కువ. వాళ్ల వంతు లెక్కకు కూడా అందదు.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో పదమూడు మంది చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది: క్యాంపు పద్ధతిని మూడేళ్లలో ఆపేయండి. మూడేళ్లంటే 2019. మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను హడావుడిగా హైదరాబాద్ తరలించారు. కొందరిని మన పంజాగుట్ట నిమ్స్‌లోనే చేర్చారు. ఆ మంచాల మీద ఉన్నది పొలం పనులకు, కూలి పనులకు పోయే ఇళ్ల ఆడవాళ్లు. నిమ్స్ గేటు దాటి నాలుగడుగులు వేస్తే చుట్టూ ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులు. ఒకవైపు ఉచితంగా ట్యూబు కోసి ప్రాణం మీదికి తెస్తారు. ఇంకోవైపు ట్యూబు లేనివాళ్లకు లక్షల్లో బిల్లు వేస్తారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే పేదింటి ఆడవాళ్ల శరీరాల మీద నడుస్తున్న రాజకీయం మనకు అర్థం కాదు.

ఇక్కడే ప్రాణం కాపాడే ముక్క ఒకటి ఉంది. ట్యూబెక్టమీ నూటికి నూరు శాతం ఆగేది కాదు. అరుదుగా ఫెయిలవుతుంది. అలా ఫెయిలై గర్భం వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం దాదాపు మూడింట ఒకటి. ఎంతమందికి ఈ సంగతి చెప్పి పంపించారు? ఆపరేషన్ అయిన మనిషికి నెల తప్పితే ‘ఆగిపోయే వయసు వస్తోందేమో’ అనుకుంటుంది. నొప్పి వస్తే గ్యాసు అనుకుంటుంది. “ఆపరేషన్ అయింది కదా, కడుపెట్ల వస్తది?” అని ఊళ్లో డాక్టరూ అంటాడు. అలా ఇంట్లోనే రక్తం కారి పోయినవాళ్ల చావు ‘కడుపునొప్పి’ కింద రాసుకుంటారు.

ఇక పైనుంచి వచ్చే ఉపన్యాసాలు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్ పోటీకి పనికిరారన్నారు. రిజర్వేషన్‌తో అప్పుడప్పుడే గడప దాటుతున్న మన ఆడవాళ్ల నామినేషన్లు ఆ రూలుతో కొట్టేశారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి పాట మారింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనండి అంటున్నారు, అదే ఏడాది నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. కనొద్దన్నప్పుడు మమ్మల్ని అడగలేదు, కనమన్నప్పుడూ అడగలేదు. కోసిన ట్యూబుల సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

సరే, కనాలనుకున్నవాళ్లకు ఏం ఇస్తున్నారు? తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఐవీఎఫ్ అందులో లేదు. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో సంతాన చికిత్సలను పేరు పెట్టి మరీ మినహాయించారు. 2023లో గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు, మంచిదే. రిబ్బన్ కత్తిరించాక సిబ్బంది లేరని, మందులు లేవని పత్రికలు రాశాయి. సర్కారు తలుపు సరిగ్గా తెరుచుకోకపోతే మిగిలేది అమీర్‌పేట మెట్లే. అక్కడ ఒక్క సైకిల్ లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. చిన్న వయసువాళ్లలో కూడా ప్రతి మూడు ప్రయత్నాల్లో రెండు విఫలమవుతాయి. విఫలమైనదానికి డబ్బు వాపసు రాదు. పుస్తెలు పోతాయి, ఇంటి జాగా పోతుంది. మిగిలేది ఆ గొడ్డు మాటే.

ఆ మార్కెట్లో కులం ఉండదనుకున్నారా? నాకు కౌన్సెలింగ్ చేసిన ఆమె, “డోనర్ ఎగ్ కావాల్సి వస్తే సేమ్ కమ్యూనిటీ చూస్తాం మేడమ్, వర్రీ అవ్వకండి” అంది. నా కులం ఏమిటో అడగలేదు. చీర చూసి, పేరు ముందున్న డాక్టర్ చూసి ఏదో ఊహించుకుంది. కులం అండాన్ని కూడా వదల్లేదు. మరి ఆ అండం ఇచ్చే అమ్మాయి ఎవరు? అద్దె కట్టలేక, పిల్లల ఫీజు కట్టలేక ఇంజెక్షన్లు పొడిపించుకునే మనిషి. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలంది, ఏడు అండాలకు మించి తీయొద్దంది, ఆమెకు ఏడాది బీమా కట్టాలంది. చట్టం బాగుంది. అది తన కోసం ఉందని ఆ అమ్మాయికి తెలుగులో చెప్పేది ఎవరు?

2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ సృష్టి ఫెర్టిలిటీ సెంటర్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. పోలీసులు చెప్పిన ప్రకారం, సరోగసీ బిడ్డ అని నమ్మించి ఒక జంట దగ్గర 35 లక్షల దాకా తీసుకున్నారు. డీఎన్‌ఏ పరీక్షలో బిడ్డ వాళ్లది కాదని తేలింది. ఆ బిడ్డ అస్సాం నుంచి వచ్చిన పేద దంపతులది, వాళ్లకు ముట్టింది 90 వేలు. నేరం కోర్టులో తేలాలి. కానీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. టీవీలు నెల రోజులు అరిచాయి. కొన్న జంట కన్నీళ్లు చూపించాయి. కన్న తల్లి ఎందుకు ఆ డబ్బుకు ఒప్పుకుందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మనవాళ్లతో మాట్లాడాలి. పంజాగుట్ట అనగానే మనకు 2019 ఏప్రిల్ 13 గుర్తొస్తుంది. జయంతికి ముందు రోజు చౌరస్తాలో బాబాసాహెబ్ విగ్రహాన్ని పీకేసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తరలించారు. ఆ అవమానం మీద రోడ్డెక్కాం, ఎక్కాలి కూడా. అదే చౌరస్తా నుంచి ఫైలు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్తున్న మన ఆడవాళ్లు మాత్రం మనకు కనిపించలేదు.

“పీహెచ్‌సీలో పారాసిటమాల్ లేదు, ఐవీఎఫ్ అడుగుతావా అక్కా?” అని ఒక విద్యార్థి నాయకుడు అన్నాడు. తమ్ముడూ, నేను అడిగేవాటిలో చాలావరకు పీహెచ్‌సీ సంగతులే. మొదట్లో కనిపెడితే ట్యూబు గర్భాన్ని చాలామందిలో ఒక్క మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు. అది కొన్ని వందల రూపాయల పాత మందు. “దత్తత తీసుకోండి” అని ఇంకొకరు అన్నారు. కారా వరసలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లను అడిగి చెప్పండి. ఆ సలహా పిల్లలున్నవాళ్లే ఎందుకు ఇస్తారో కూడా చెప్పండి.

“అంబేద్కర్ సంతాన నియంత్రణ కోరాడు కదా” అన్నారు ఒక పెద్దాయన. కోరారు. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున పి.జె. రోహమ్ ఆ తీర్మానం పెట్టారు, సభ ఓడించింది. అయిదుగురు బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్న రమాబాయి గారి భర్త ఆయన. తల్లి శరీరం మీద ఎంత బరువు పడుతుందో తెలిసి కోరిన కోరిక అది. కలెక్టర్ టార్గెట్ పెట్టి కోయమని కాదు. 1928లో మెటర్నిటీ బెనిఫిట్ బిల్లు మీద మాట్లాడినప్పుడు కాన్పు తల్లి భారాన్ని కొంత సర్కారు మోయాలని వాదించింది కూడా ఆయనే. కనాలా వద్దా తేల్చుకునేది ఆడమనిషి, ఖర్చు మోయాల్సింది సర్కారు. నాకు ఆయన దగ్గర దొరికిన దారి ఇది.

కాబట్టి మన సంఘాల మెమొరాండాల్లో ఇవి రాయండి. నెల తప్పి కడుపునొప్పితో వచ్చిన ప్రతి స్త్రీకి, ఆపరేషన్ అయినా సరే, పీహెచ్‌సీలో మూత్రపరీక్ష. ప్రతి ఏరియా ఆస్పత్రిలో రోజంతా లోపలి స్కాను, బీటా హెచ్‌సీజీ పరీక్ష, మెథోట్రెక్సేట్, రక్తం. ట్యూబెక్టమీ కాగితంలో ‘ఫెయిలైతే ట్యూబు గర్భం రావచ్చు’ అని తెలుగులో, ఆశా కార్యకర్త చదివి వినిపించేలా. సంతానం లేని జంటలకు ఉచితంగా టీబీ పరీక్ష. గాంధీలో పూర్తి సిబ్బంది, ప్రతి పాత జిల్లాకు ఒక ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం, ఆరోగ్యశ్రీలో కవరేజీ. ప్రైవేటు సెంటర్లలో తెలుగు, ఉర్దూ అంగీకార పత్రాలు, పాజిటివ్ వచ్చిన ప్రతి మనిషికీ రాత్రయినా డాక్టర్ ఎత్తే ఫోన్ నంబరు.

ఈ రాత్రికి మాత్రం ఇంటికి ఫోన్ చేయండి. అమ్మకు, అక్కకు, వదినకు చెప్పండి: నెల తప్పి, ఒక పక్క పొత్తికడుపులో నొప్పి, కొద్దిగా మరక, కళ్లు తిరగడం, భుజం నొప్పి, వీటిలో ఏది వచ్చినా వాము నమలొద్దు, గురువారం దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయాలి. ఆపరేషన్ అయినా, టెస్ట్‌ట్యూబ్ గర్భమైనా ఇదే మాట. సిగ్గుపడి చెప్పకపోతే పోయేది మన మనిషి.

బుధవారం మళ్లీ అదే క్లాసు. బోర్డు మీద గొడ్డురాలు అని పూర్తిగా రాసి, విడదీసి చూపించి, ఈ మాట పరీక్షలో వస్తుంది, ఎవరినీ అనకండి అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. క్లాసయ్యాక ఒక అమ్మాయి వచ్చి, “మేడమ్, మా వదినకు గట్లనే నొప్పి వస్తుందట” అంది. పుస్తకాలు టేబుల్ మీద పడేసి ఇద్దరం బయటికి వచ్చి వాళ్ల వదినకు ఫోన్ చేశాం.

వచ్చే భాగంలో: ముప్పై ఐదేళ్లకే గర్భసంచులు తీయించుకుంటున్న మన అమ్మల గురించి.

జై భీమ్. జై సావిత్రీబాయి.